లైనక్స్ ల్యాప్‌టాప్‌లో వైఫై తెగిపోతోందంటే, తెంపుతున్నది ఎవరు?

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ముగిసింది. విండోస్ 11 ఎక్కించే వీలు లేని పాత ల్యాప్‌టాప్‌లు మన ఇళ్లల్లో చాలానే ఉన్నాయి. బాగా పనిచేస్తున్న మెషీన్‌ను మూలన పడేయడానికి మనసొప్పనివాళ్లు ఉబుంటూ, లైనక్స్ మింట్ లాంటి లైనక్స్ సిస్టమ్‌లు వేసుకుంటున్నారు. అది మంచి నిర్ణయమే. కానీ చాలామందికి మొదటి వారంలోనే ఒక తలనొప్పి మొదలవుతుంది. వీడియో కాల్ మధ్యలో బొమ్మ ఆగిపోతుంది. పైన మూలలో వైఫై గుర్తు మాయమై, కాసేపటికి మళ్లీ వస్తుంది. అదే గదిలో, అదే రౌటర్ మీద ఫోన్ మాత్రం హాయిగా నడుస్తుంటుంది. దాంతో లైనక్స్‌కి వైఫై పడదని తేల్చేసి మళ్లీ విండోస్‌కి వెళ్లిపోయేవాళ్లున్నారు.

నెట్‌లో వెతికితే సలహాలకు కొదవలేదు. పవర్ సేవింగ్ ఆపమంటారు ఒకరు. లైనక్స్‌కు గుండెకాయ లాంటి మూల ప్రోగ్రామ్ కెర్నెల్‌ను అప్‌డేట్ చేయమంటారు ఇంకొకరు. పాత కెర్నెల్‌కే వెళ్లమంటారు మరొకరు. వైఫై కార్డే మార్చేయమనేవాళ్లూ ఉన్నారు. వీళ్లలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు, తమకు పనిచేసిందే చెబుతున్నారు. చిక్కు ఎక్కడంటే, ‘వైఫై పడిపోతోంది’ అనే ఒక్క మాట కింద ఒకదానితో ఒకటి సంబంధం లేని లోపాలు చాలా ఉన్నాయి. ఏ లోపమో తేలకుండా సెట్టింగులు మారుస్తూ పోతే టెన్షన్ పెరుగుతుందే తప్ప పని జరగదు. లింకును ఎవరు తెంపుతున్నారో లైనక్స్ చాలాసార్లు తనంతట తానే రాసి పెడుతుంది. ఆ రాతను ఎలా అర్థం చేసుకోవాలన్నదే ఈ వ్యాసం.

వైఫై వెనక పనిచేసే భాగాలు

అట్టడుగున రేడియో చిప్ ఉంటుంది. ఇంటెల్, రియల్‌టెక్, మీడియాటెక్, క్వాల్‌కామ్, బ్రాడ్‌కామ్, వీటిలో ఏదో ఒక కంపెనీది. ఆ చిప్ లోపల నడిచే చిన్న ప్రోగ్రామ్‌ను ఫర్మ్‌వేర్ అంటారు. ఇప్పటి కార్డుల్లో చాలావాటికి ఫర్మ్‌వేర్ చిప్‌లో శాశ్వతంగా ఉండదు. ల్యాప్‌టాప్ ఆన్ అయినప్పుడల్లా లైనక్స్ దాన్ని డిస్క్ మీది ఫైలు నుంచి తీసి చిప్‌లోకి ఎక్కిస్తుంది. చిప్‌తో మాట్లాడే కెర్నెల్ భాగం డ్రైవర్. ఇంటెల్ కార్డులకు ఐడబ్ల్యూఎల్‌వైఫై, కొత్త రియల్‌టెక్ కార్డులకు ఆర్‌టీడబ్ల్యూ88, ఆర్‌టీడబ్ల్యూ89, మీడియాటెక్ కార్డులకు ఎంటీ76 కుటుంబం డ్రైవర్లు వాడతారు.

డ్రైవర్ పైన డబ్ల్యూపీఏ సప్లికెంట్ అనే ప్రోగ్రామ్ ఉంటుంది. పాస్‌వర్డ్ సరైనదేనని రౌటర్‌కు నిరూపించి, ఎన్‌క్రిప్షన్ కీలు కుదుర్చుకోవడం దాని పని. ఏ నెట్‌వర్క్‌లో ఎప్పుడు కలవాలో నిర్ణయించేది నెట్‌వర్క్ మేనేజర్. మనం నొక్కే వైఫై మెనూ మాట్లాడేది దీనితోనే. కలిశాక రౌటర్ దగ్గర ఐపీ అడ్రస్ తెచ్చుకునే పద్ధతి డీహెచ్‌సీపీ. సైటు పేరు ఇస్తే దాని నంబరు అడ్రస్ చెప్పేది డీఎన్‌ఎస్. వీటిలో ఏది తడబడినా మనకు కనిపించేది ఒకటే, పేజీ తెరుచుకోదు.

‘ఫోన్‌లో బాగానే వస్తోంది కదా’ అన్న వాదన సగమే నిజం. ఫోన్‌లో ఉన్నది వేరే చిప్, వేరే యాంటెన్నా. పైగా వైఫై బలహీనపడితే చాలా ఫోన్లు చెప్పకుండా మొబైల్ డేటాకు మారిపోతాయి. మొబైల్ డేటా ఆపేసి చూస్తే తప్ప ఫోన్‌తో పోలికకు విలువ లేదు.

తెగింది వైఫైనా, ఇంటర్నెట్టా?

మిగతా ప్రశ్నలన్నిటి కంటే ముందు తేలాల్సింది ఇది. పింగ్ అనే పాత కమాండ్ ఇక్కడ బాగా పనికొస్తుంది. అది ఒక అడ్రస్‌కు చిన్న సందేశం పంపి, జవాబు ఎన్ని మిల్లీసెకన్లలో వచ్చిందో చూపిస్తుంది. కమాండ్లు టైప్ చేసే టెర్మినల్ కిటికీలు మూడు తెరిచి ఒకదానిలో రౌటర్‌కు, రెండోదానిలో గూగుల్ నడిపే 8.8.8.8 అడ్రస్‌కు, మూడోదానిలో ఏదైనా సైటు పేరుకు పింగ్ నడిపామనుకుందాం. రౌటర్ అడ్రస్ చాలా ఇళ్లల్లో 192.168.1.1 అని ఉంటుంది.

నెట్ ఆగిన క్షణంలో రౌటర్ నుంచి 3 మిల్లీసెకన్లకే జవాబు వస్తూ, 8.8.8.8 నుంచి మాత్రం రావడం లేదంటే ల్యాప్‌టాప్ తప్పేమీ లేదు. ఫైబర్ లైనులోనో, ప్రొవైడర్ దగ్గరో, రౌటర్‌లోనో ఇబ్బంది ఉంది. రెండు నంబరు అడ్రస్‌లూ పలుకుతూ సైటు పేరుకు చేసిన పింగ్ మాత్రం మొదలవకపోతే అది డీఎన్‌ఎస్ సమస్య. అసలు రౌటరే పలకకపోతే, అప్పుడు మాత్రమే అది నిజంగా వైఫై సమస్య.

నాలుగో పరిస్థితి కూడా ఉంది, దాన్ని చాలామంది గుర్తించరు. ఏదీ తెగదు, కానీ మామూలుగా 20 మిల్లీసెకన్లు ఉండే జవాబు ఒక్కసారిగా 800కి చేరుతుంది. ఇంట్లో ఎవరి ఫోనో ఫొటోలను క్లౌడ్‌కి బ్యాకప్ పెట్టడం మొదలుపెట్టిందనుకోండి. పంపాల్సిన డేటా రౌటర్‌లో పెద్ద క్యూ కడుతుంది. మన వీడియో కాల్ ఆ క్యూ వెనక నిలబడుతుంది. దీన్నే బఫర్‌బ్లోట్ అంటారు. కాల్‌లో ఉన్నవాళ్లకు ఇది అచ్చం వైఫై పోయినట్టే అనిపిస్తుంది. 8.8.8.8 పింగ్ మాత్రమే పెరిగితే క్యూ లైను వైపు ఉంది. రౌటర్ పింగ్ కూడా పెరిగితే క్యూ వైఫై వైపే ఉంది. డ్రైవర్ ఎన్నిసార్లు మార్చినా లైను వైపు క్యూ తగ్గదు.

లాగ్‌లో ఉండే కారణం నంబరు

రౌటర్, ల్యాప్‌టాప్‌లలో ఒకటి లింకు వదిలేసేటప్పుడు మామూలుగా రెండోదానికి ఒక నంబరు పంపుతుంది. దాన్ని రీజన్ కోడ్ అంటారు. వైఫై ప్రమాణం 802.11లోనే ఈ నంబర్లకు అర్థాలు రాసి ఉన్నాయి. లైనక్స్ జరిగినవన్నీ టైముతో సహా రాసుకునే చిట్టా సిస్టమ్ లాగ్. జర్నల్‌సీటీఎల్ కమాండ్‌తో తెరిచే ఆ లాగ్‌లో, లింకు తెగిన నిమిషం దగ్గర డబ్ల్యూపీఏ సప్లికెంట్ రాసిన ఒక లైను ఉంటుంది. అందులో ‘డిస్‌కనెక్టెడ్’ అనే మాట, రీజన్ నంబరు ఉంటాయి. కొన్నిసార్లు చివర ‘లోకల్లీ జనరేటెడ్’ 1 అని కూడా ఉంటుంది. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే విలువైన ఆధారం ఆ చివరి ముక్క. అది ఉంటే లింకు వదిలింది మన ల్యాప్‌టాప్. లేకపోతే రౌటర్ మనల్ని పంపేసింది.

నంబరు ఒకటే అయినా ఆ ముక్కతో అర్థం ఎలా మారుతుందో నంబరు 4తో చూద్దాం. ప్రమాణం ప్రకారం 4 అంటే ‘అవతలివైపు నుంచి అలికిడి లేదు’. లోకల్లీ జనరేటెడ్ లేకుండా 4 వచ్చిందంటే, ల్యాప్‌టాప్ చాలాసేపు పలకలేదని రౌటర్ దాన్ని జాబితా నుంచి తీసేసింది. అలాంటప్పుడు ల్యాప్‌టాప్ వైపు పవర్ సేవింగ్ మీద అనుమానం సహజం. అదే 4 లోకల్లీ జనరేటెడ్‌తో కలిసి వస్తే కథ తిరగబడుతుంది. రౌటర్ నుంచి క్రమంగా రావాల్సిన బీకన్ అనే సంకేతాలు ల్యాప్‌టాప్‌కు వినపడటం మానేశాయి. కెర్నెల్ మామూలుగా ఏడు బీకన్ల కాలం చూసి, రౌటర్‌ను ఒకటి రెండుసార్లు పలకరించి, జవాబు లేకపోతే లింకు పోయిందని తేలుస్తుంది. ఇది దూరం, అడ్డుగోడలు, ఇంటర్‌ఫియరెన్స్, యాంటెన్నా, లేదా చిప్ మొరాయించడం వైపు వేలు చూపిస్తుంది. ఒకే నంబరు చూసి ఇద్దరు వేర్వేరు పరిష్కారాలు చెప్పుకోవడానికి కారణం ఇదే.

రీజన్ 3, లోకల్లీ జనరేటెడ్‌తో కలిసి వస్తే ల్యాప్‌టాప్ కావాలనే వెళ్లిపోయిందని అర్థం. మూత మూసినప్పుడు ఇది మామూలే. పని మధ్యలో వస్తే నెట్‌వర్క్ మేనేజర్ ఎందుకు అలా నిర్ణయించిందో పక్క లైన్లలో ఉంటుంది. ఐపీ అడ్రస్ దొరక్కపోవడం ఒక కారణం. రీజన్ 15 అంటే కీలు మార్చుకునే నాలుగు మెట్ల సంభాషణ సమయానికి పూర్తికాలేదు. పాస్‌వర్డ్ తప్పైనా ఇదే వస్తుంది, సిగ్నల్ మరీ బలహీనమైనా ఇదే వస్తుంది. నిన్నటిదాకా పనిచేసిన పాస్‌వర్డ్‌ను లైనక్స్ ఉన్నట్టుండి మళ్లీ అడగడానికి ఇదొక కారణం. పాస్‌వర్డ్ మారలేదు, సంభాషణ మధ్యలో తెగింది.

టైము కూడా సాక్ష్యం చెబుతుంది. ఒక లాగ్‌లో 7:10కి, 8:10కి, 9:10కి లింకు పోయి, ప్రతిసారీ రీజన్ 16 ఉందనుకుందాం. 16 అంటే గ్రూప్ కీ మార్పిడి విఫలమైంది. నెట్‌వర్క్‌లోని అందరికీ ఉమ్మడిగా ఉండే ఆ కీని రౌటర్లు కొంత కాలానికోసారి మారుస్తాయి, చాలావాటిలో ఆ గడువు 3600 సెకన్లు. గంట గంటకూ ఠంచనుగా పోతోందంటే సిగ్నల్‌ను అనుమానించే పని లేదు. సిగ్నల్ లోపాలు గడియారం చూసుకుని రావు.

పవర్ సేవింగ్ మీద రెండు వాదనలు

నెట్‌లో అన్నిటికంటే ఎక్కువగా దొరికే సలహా పవర్ సేవింగ్ ఆపేయమని. అందులో నిజం ఎంతో తెలియాలంటే అది చేసే పని తెలియాలి. రేడియో ఎప్పుడూ మేలుకుని ఉంటే బ్యాటరీ ఖర్చవుతుంది. అందుకే పని లేనప్పుడు ల్యాప్‌టాప్, ‘నేను కాసేపు నిద్రపోతున్నాను’ అని రౌటర్‌కు చెప్పి రేడియో ఆపుకుంటుంది. ఆ సమయంలో వచ్చిన డేటాను, ఊళ్లో లేనివాళ్ల ఉత్తరాలను పోస్టాఫీసు దాచిపెట్టినట్టు, రౌటర్ తన దగ్గర ఉంచుకుంటుంది. సాధారణంగా 102.4 మిల్లీసెకన్లకోసారి వచ్చే బీకన్‌లో ‘నీకు డేటా ఉంది’ అని గుర్తు పెడుతుంది. ల్యాప్‌టాప్ లేచి బీకన్ విని, తనది ఉంటే తీసుకుంటుంది.

రెండువైపులా సరిగ్గా రాసిన సాఫ్ట్‌వేర్ ఉంటే దీనివల్ల అప్పుడప్పుడు 100 మిల్లీసెకన్ల ఆలస్యం తప్ప నష్టం లేదు. సరిగ్గా లేకపోతే లింకే పోతుంది. చిప్ సమయానికి లేవకపోవడం, రౌటర్ దాచినదాన్ని తొందరగా పారేయడం లాంటివి అందుకు కారణాలు. ఉబుంటూ వస్తూనే నెట్‌వర్క్ మేనేజర్‌లో ఈ సెట్టింగును 3 విలువతో, అంటే ఆన్‌లో పెట్టి వస్తుంది. 2 పెడితే ఆఫ్ అవుతుంది.

ఆన్‌లోనే ఉండాలనేవాళ్లకు బలమైన కారణముంది. కరెంటు పోయే ఊళ్లో, బస్సులో, కాలేజీలో ల్యాప్‌టాప్ వాడేవాళ్లకు బ్యాటరీ ముఖ్యం. ఎక్కువ కార్డుల్లో ఇది బాగానే పనిచేస్తుంది కూడా. ఆపేయాలనేవాళ్లు చెప్పేదీ సబబే: ఎప్పుడూ చార్జర్‌కే ఉండే మెషీన్‌కు ఆ పొదుపుతో ఒరిగేది తక్కువ, ఆన్‌లైన్ ఇంటర్వ్యూ మధ్యలో లింకు పోతే నష్టం పెద్దది. రీజన్ 4 రౌటర్ వైపు నుంచి వస్తున్నా, ల్యాప్‌టాప్‌కు బయటి నుంచి చేసిన పింగ్ పదే పదే 100 దగ్గరకు దూకుతున్నా రెండో వాదన వైపే మొగ్గాలి.

ఈ చర్చలో తరచూ కలిసిపోయే ఇంకో సంగతి ఉంది. పైన చెప్పిన పొదుపు వేరు, మదర్‌బోర్డుకూ కార్డుకూ మధ్యనున్న పీసీఐ ఎక్స్‌ప్రెస్ లింకును నిద్రపుచ్చే ఏఎస్‌పీఎం వేరు. కొన్ని రియల్‌టెక్, మీడియాటెక్ ఎంటీ7921 కార్డుల్లో ఇబ్బంది ఈ రెండోదానితోనే వస్తుంది. అందుకే ఆ డ్రైవర్లలో ఏఎస్‌పీఎంను ఆపేందుకు ప్రత్యేకంగా ఒక ఆప్షన్ పెట్టారు. ‘పవర్ సేవింగ్ ఆపాను, అయినా పోతోంది’ అనేవాళ్లలో కొందరు ఆపింది మొదటిది మాత్రమే. యూఎస్‌బీ డాంగిల్ అయితే దానిని నిద్రపుచ్చే మూడో పొదుపు వేరే ఉంది.

గాలిలో ఇరుకు, యూఎస్‌బీ నుంచి రొద

సిగ్నల్ బలాన్ని డీబీఎంలో కొలుస్తారు. అంకెలు మైనస్‌లో ఉంటాయి, సున్నాకు దగ్గరైతే బలం ఎక్కువ. మైనస్ 50 చాలా బాగున్నట్టు. వీడియో కాల్‌కు మైనస్ 67 దాకా ఫర్వాలేదంటారు. మైనస్ 80 దగ్గర లింకు ఉన్నా లేనట్టే. ప్రతి 10 డీబీకీ శక్తి పదో వంతుకు పడిపోతుంది కాబట్టి, మైనస్ 60కీ మైనస్ 80కీ మధ్య తేడా వంద రెట్లు. మెనూలో కనిపించే గీతలు ఈ సంగతి చెప్పవు.

2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో మన దేశంలో 13 ఛానళ్లు ఉన్నట్టు కనిపిస్తుంది గానీ, ఛానల్‌కూ ఛానల్‌కూ ఎడం 5 మెగాహెర్ట్జ్ మాత్రమే, ఒక్కో సిగ్నల్ వెడల్పు కనీసం 20. అందుకే ఒకదానిమీద ఒకటి పడకుండా వాడగలిగేవి 1, 6, 11 మూడే. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఒక అపార్ట్‌మెంట్‌లో కూర్చుని చూస్తే పక్క ఫ్లాట్ల రౌటర్లు ఇరవై దాకా కనిపిస్తాయి. అవన్నీ ఆ మూడింటిలోనే సర్దుకోవాలి. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు, మైక్రోవేవ్ ఓవెన్ ఉండేదీ ఆ బ్యాండ్‌లోనే.

యూఎస్‌బీ 3 సంగతి మాత్రం చాలామందికి తెలియదు. యూఎస్‌బీ 3 పోర్టులు, కేబుళ్లు పనిచేసేటప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రేడియో రొద పుట్టిస్తాయని ఇంటెల్ 2012లోనే ఒక పత్రంలో వివరించింది. ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ పెట్టి ఫైళ్లు కాపీ చేస్తున్నప్పుడే వైఫై పోతోందంటే లైనక్స్‌ను అనుమానించనక్కర్లేదు. కేబుల్‌ను దూరంగా జరిపినా, 5 గిగాహెర్ట్జ్‌కి మారినా తేడా వెంటనే తెలుస్తుంది.

5 గిగాహెర్ట్జ్‌లో జాగా ఎక్కువ, కానీ కాంక్రీటు గోడలను దాటే శక్తి తక్కువ. అందులో 52 నుంచి 144 వరకు ఉన్న ఛానళ్లను రాడార్లతో పంచుకోవాలి. రాడార్ సంకేతం విన్నాననుకుంటే రౌటర్ ఆ ఛానల్ ఖాళీ చేసి వేరేదానికి వెళ్లిపోవాలన్నది నిబంధన. ఆ ఛానళ్లలో కొత్తగా మొదలుపెట్టే ముందు కనీసం నిమిషం పాటు వినాలి కూడా. మధ్యాహ్నం ఉన్నట్టుండి నెట్‌వర్క్ పేరే మాయమై, నిమిషం తర్వాత తిరిగొస్తే కారణం ఇది కావచ్చు.

ఫోన్‌కి కనిపించే నెట్‌వర్క్ ల్యాప్‌టాప్‌కి కనిపించకపోతే

ఏ దేశంలో ఏ ఛానల్ వాడవచ్చో లైనక్స్ ఒక పట్టికలో పెట్టుకుంటుంది. మన దేశం 2018 అక్టోబర్‌లో 5 గిగాహెర్ట్జ్‌లో పెద్ద భాగాన్ని లైసెన్స్ అవసరం లేకుండా వదిలింది. మెషీన్‌కు తాను ఏ దేశంలో ఉందో తెలియనప్పుడు కోడ్ 00 పెట్టుకుంటుంది. అందులో 12, 13 ఛానళ్లతో పాటు 5 గిగాహెర్ట్జ్ ఛానళ్లలోనూ ముందుగా మాట్లాడకూడదు, ఎవరైనా మాట్లాడితే వినాలి. ఇక అమెరికా నిబంధనలతో తయారైన కొన్ని కార్డులు 12, 13లను పట్టించుకోవు.

ఇప్పుడు ఆటో ఛానల్ పెట్టిన రౌటర్‌ను ఊహించండి. కరెంటు పోయి వచ్చింది, రౌటర్ ఈసారి 13 ఎంచుకుంది. ఫోన్‌కి వైఫై వచ్చింది, ల్యాప్‌టాప్‌కి నెట్‌వర్క్ పేరే కనిపించడం లేదు. మళ్లీ రౌటర్ ఆపి ఆన్ చేస్తే 6 ఎంచుకుంది, అంతా బాగైంది. ఇంట్లోవాళ్లకు ఇది ల్యాప్‌టాప్ మొండితనంలా కనిపిస్తుంది.

కెర్నెల్, ఫర్మ్‌వేర్: కొత్తవా, పాతవా?

ఎంటీ7921 డ్రైవర్ లైనక్స్ కెర్నెల్ 5.12లో, ఆర్‌టీడబ్ల్యూ89 డ్రైవర్ 5.16లో చేరాయి. కొత్త డ్రైవర్ మొదటి రూపంలో కార్డును నడిపిస్తుంది, లోపాలు తరువాతి వెర్షన్లలో సర్దుకుంటాయి. కాబట్టి కొత్త కార్డు ఉన్నవాళ్లకు కొత్త కెర్నెల్ మేలన్నది నిజం. పదేళ్ల నాటి కార్డుకు ఆ లెక్క వర్తించదు. దాని డ్రైవర్ ఎప్పుడో స్థిరపడింది, ఒక అప్‌డేట్ తర్వాతే ఇబ్బంది మొదలైతే పాత కెర్నెల్‌తో బూట్ చేసి చూడటం సరైన పరీక్ష. కెర్నెల్ ఒక్కటే మార్చి ఫర్మ్‌వేర్ ప్యాకేజీని పాతదే ఉంచినా పొసగకపోవచ్చు. ఇంటెల్ కార్డులో ఫర్మ్‌వేర్ కూలిపోతే కెర్నెల్ లాగ్‌లో ‘మైక్రోకోడ్ సాఫ్ట్‌వేర్ ఎర్రర్’ అని స్పష్టంగా పడుతుంది. అది కనిపించాక రౌటర్ సెట్టింగులతో కుస్తీ పట్టడం వృథా.

ఫర్మ్‌వేర్ చుట్టూ ఒక పాత వివాదం కూడా ఉంది. దాని సోర్స్ కోడ్‌ను చిప్ కంపెనీలు మామూలుగా ఇవ్వవు. యూజర్ చదవలేని, సరిచేయలేని కోడ్‌ను స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌తో కలిపి ఇవ్వకూడదని ఒక పక్షం అంటుంది. అది లేకపోతే వైఫై లేని ల్యాప్‌టాప్ చేతికొస్తుంది, కొత్తగా వచ్చినవాళ్లు మొదటి రోజే వెనక్కి పోతారని రెండో పక్షం అంటుంది. ఉబుంటూకు మూలమైన డెబియన్ అనే లైనక్స్ సిస్టమ్ ఏళ్లపాటు మొదటి పద్ధతినే పాటించి, 2022లో సభ్యుల ఓటింగ్ తర్వాత మారింది. 2023లో వచ్చిన డెబియన్ 12 ఇన్‌స్టాలర్‌తో పాటే ఫర్మ్‌వేర్ వస్తుంది. మొదటి పక్షం భయం ఉత్తదేం కాదు. ఫర్మ్‌వేర్‌లో లోపం ఉంటే డ్రైవర్ రాసేవాళ్లు కూడా కంపెనీ దిద్దేదాకా ఎదురుచూడాల్సిందే, లేదా దాన్ని తప్పించుకునే దారి వెతకాల్సిందే.

విండోస్, లైనక్స్ రెండూ ఉంచుకున్న మెషీన్లలో ఇంకో మెలిక ఉంది. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ నొక్కినా అది పూర్తిగా ఆగదు. కొన్ని కార్డులు అలా మధ్యస్థంగా ఉన్న స్థితిలో లైనక్స్ చేతికొచ్చి సరిగ్గా మొదలవవు.

కార్డు మార్చే ముందు

రియల్‌టెక్ 8723బీఈ కార్డు ఉన్న చాలా చవక ల్యాప్‌టాప్‌లలో యాంటెన్నా ఒక్కటే ఉంటుంది. కార్డు మీద దాన్ని తగిలించే చోట్లు మాత్రం రెండు. డ్రైవర్ ఖాళీగా ఉన్న చోట వింటుంటే రౌటర్ పక్కనే కూర్చున్నా సిగ్నల్ మైనస్ 80 చూపిస్తుంది. ఏ చోట వినాలో డ్రైవర్‌కు చెప్పే యాంట్ సెల్ అనే ఆప్షన్ ఉంది. విలువ 1 లేదా 2 పెడితే ఆ కార్డే మామూలుగా పనిచేస్తుంది. కార్డు పాడైందనుకుని మార్చేసినవాళ్లలో ఎంతోమందికి ఆ ఖర్చు తప్పేది.

ఇవన్నీ చూశాక కూడా కుదరకపోతే కార్డు మార్చడం మంచి దారే. వెనక మూత తీస్తే మదర్‌బోర్డు మీద చిన్న ఎం.2 స్లాటులో కార్డు కనిపిస్తుంది. కొన్ని మోడళ్లలో అది బోర్డుకే అతికించి ఉంటుంది, అప్పుడు యూఎస్‌బీ డాంగిల్ ఒక్కటే మార్గం. పాత ల్యాప్‌టాప్‌లు కొన్ని తమ బయాస్, అంటే ఆన్ చేయగానే ముందుగా నడిచే ప్రోగ్రామ్, ఒప్పుకున్న కార్డులను మాత్రమే తీసుకుంటాయి. ఇంటెల్ కార్డు కొనేటప్పుడు నంబరు చివర చూడాలి. ఏఎక్స్200, ఏఎక్స్210 మామూలు పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డులు, ఏఎమ్‌డీ ల్యాప్‌టాప్‌లో కూడా నడుస్తాయి. ఏఎక్స్201, ఏఎక్స్211లలో మాత్రం వైఫై పనిలో సగం ఇంటెల్ ప్రాసెసర్ వైపు చిప్‌సెట్‌లో ఉంటుంది. స్లాటులో అచ్చం అలాగే కూర్చుంటాయి, చూడటానికి తేడా తెలియదు, కానీ ఆ చిప్‌సెట్ లేని మెషీన్‌లో లైనక్స్‌కు గానీ విండోస్‌కు గానీ వైఫై కార్డుగా పనిచేయవు.